కండక్టరుగారి కణాలు

ఇరవై ఏడేళ్ళు ఒకే గదిలో, ఒకే పనిని వంక పెట్టడానికి వీల్లేకుండా చేసిన మనిషిని పట్టుకుని "నువ్వే మరిచిపోయి ఉంటావు" అనాలంటే ఏం కావాలి? తెలివి అక్కర్లేదు, ఆధారం అంతకన్నా అక్కర్లేదు. కూర్చోవడానికి పెద్ద కుర్చీ ఉంటే చాలు. ఆ మాట పడ్డ మనిషి గురించే చెప్పబోతున్నాను. తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది, నా గొంతు కాస్త లేస్తే మీరే సర్దుకోండి.

ఆమెను అందరూ సీసాల అక్క అంటారు. మెదడులో వచ్చే కణితుల మీద పరిశోధన చేసే భవనంలో మూడో అంతస్తు చివరి గది ఆమెది. కిటికీ లేని గది. చెప్పులు బయట విడిచి, లోపలివి తొడుక్కుని, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, రెండు తలుపులు దాటి వెళ్ళాలి. గాజు తెర దించిన ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, మన ఒంటి వేడి ఎంతో అంతే వేడిని పట్టి ఉంచే ఒక బీరువా, ఆ గదిలో ఉన్నవి ఇవే. బీరువా అరల్లో వెల్లకిలా పడుకోబెట్టిన పల్చటి ప్లాస్టిక్ సీసాలు ఉంటాయి. ఆపరేషన్ చేసి తలలోంచి తీసిన కణితి ముక్కల్లోని కణాలు వాటి అడుగున అంటుకుని బతుకుతుంటాయి. మూడు రోజులకోసారి వాటికి గులాబీ రంగు ద్రవం మార్చాలి. దాన్ని అక్కడ మీడియా అంటారు. తిండీ అదే, నీళ్ళూ అదే. మార్చకపోతే ఆకలితో చస్తాయి. మార్చేటప్పుడు పక్కన నిలబడి ఎవరైనా ఓ తుమ్ము తుమ్మితే బూజు పట్టి చస్తాయి. అందుకే ఆ గదిలో అక్క మాటే చెల్లుతుంది, పెద్ద డాక్టరైనా సరే, చేతులు కడుక్కోకుండా వస్తే బయటికి పంపేస్తుంది.

ఆమె భర్తకు తాళాలు బాగుచేసే దుకాణం ఉంది. దుకాణానికి వచ్చిన వాళ్ళందరితో ఆయన ఒకే జోకు వేస్తాడు. "మా ఆవిడ కొన్ని కోట్ల మందిని పెంచిందండీ. ఒక్కడూ అమ్మా అని పిలిచిన పాపాన పోలేదు." అక్క ఆ జోకు ఇరవై ఏడేళ్ళుగా వింటోంది, ఇప్పటికీ నవ్వుతుంది.

బీరువా మధ్య అరలో ఉండేవి కండక్టరుగారి కణాలు. పదకొండేళ్ళ కిందట నలభై రెండేళ్ళ బస్సు కండక్టరు తలలోంచి తీసిన ముక్క అది. మంచులో పెట్టిన డబ్బాను ఆపరేషన్ గది నుంచి అక్కే స్వయంగా మోసుకొచ్చింది. ఆయన పేరు ఆమెకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. సీసా మీద ఉండేది ఒక నంబరు. ఆయన ఏడాది తిరక్కుండానే పోయాడని తరవాత తెలిసింది. కణాలు మాత్రం బతికే ఉన్నాయి. అక్కకు నంబరు నోటికి రాక కాదు, ఒక మనిషి తలలోంచి వచ్చినదాన్ని నంబరుతో పిలవడం ఆమెకు నచ్చలేదు. "కండక్టరుగారికి ఇవాళ మీడియా మార్చాలి" అంటుంది. మొదట్లో నవ్విన వాళ్ళందరూ ఇప్పుడు అలాగే అంటున్నారు.

ఆ గదిలో ఆమెకు పని నేర్పింది ఒక పెద్దావిడ. ఇప్పుడు లేదు. పోతూ పోతూ ఆవిడ అప్పగించినది ఒక్కటే అలవాటు. మందు వేశాక సీసాలో అన్నీ చచ్చినట్టు కనిపించినా సరే, మందు కలిపిన మీడియానే మారుస్తూ మూడు వారాలు చూడాలి. ఆ తరవాతే పారేయాలి. "కణితి మన కేలెండరు చూసి చావదే పిల్లా" అనేదట ఆవిడ. అప్పటి నుంచీ బీరువా కింది అర చచ్చిన సీసాలదే. అక్క అక్కడి సీసాలకు కూడా బతికున్న వాటికి చేసినట్టే అన్నీ చేస్తుంది, చేసిన ప్రతిసారీ తేదీ, టైము రిజిస్టరులో రాస్తుంది.

ఇక పెద్ద డాక్టరు సంగతి. ఆయన అక్కకన్నా పదేళ్ళు చిన్నవాడు, ఆ విభాగానికి అధిపతి. మంచి మాటకారి. ఆయన చేతికి ఒక కొత్త మందు వచ్చింది. అదేం చేస్తుందంటే, కణితి కణం ఒంటి మీద గ్రాహకాలని ఉంటాయి. పెరగమనే కబురు బయటి నుంచి వచ్చి వాటికే తగులుకుంటుంది. కబురు అందగానే కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఈ మందు వెళ్ళి ఆ గ్రాహకాన్ని మూసేస్తుంది. కబురు బయటే ఉండిపోతుంది. కండక్టరుగారి కణాల మీద ఆ మందు వేస్తే మూడో రోజుకల్లా సగం ముడుచుకుపోయి గుండ్రంగా తేలాయి. ఆరో రోజుకు సీసా అడుగున మిగిలింది లేదు. ఈ కణాలను లెక్కపెట్టే పని డాక్టరమ్మది. ఆమె పెద్ద డాక్టరు కింద పరిశోధన చేస్తున్న ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. ఆమె లెక్కపెట్టి సున్నా అని రాసింది. పెద్ద డాక్టరు కాలు నేల మీద నిలవలేదు.

ఆరు రోజులే ఎందుకంటారా? సోమవారం మందు వేస్తే శనివారానికి ఆరు రోజులు. ఆదివారం ఆయనకు సెలవు. అంతే, ఇంకే కారణమూ లేదు. ఆదివారం సెలవని కణితి కూడా ఇంట్లో కూర్చుంటుందా? ఈ ముక్క ఆయనను అడిగిన వాళ్ళు లేరు. రెండోసారి చేసినా ఆరో రోజుకు సున్నాయే వచ్చింది. రోగులకు మందు ఇవ్వొచ్చో లేదో తేల్చే కమిటీకి ఆయన కాగితం పంపేశాడు, 'ఆరు రోజుల్లో కణాలన్నీ చనిపోయాయి' అని. మూడోసారి కూడా చేసి చూపించమని కమిటీ రాసింది, అది మామూలే.

మొదటిసారి సీసాలను లెక్క కాగానే పెద్ద డాక్టరు పై పరీక్షలకు పంపేశాడు, రెండోసారి చేసిన నాలుగు సీసాలు మాత్రం ఈలోగా కింది అరలో ఉన్నాయి. పదిహేడో రోజు పొద్దున అక్క తలుపు తీసి చూస్తే రెండు సీసాల్లో గులాబీ రంగు కాస్త నారింజకు తిరిగింది. కణాలు తిని, పెరిగి, మలినం వదిలితేనే మీడియా రంగు అలా మారుతుంది. బూజు పట్టినా మారుతుంది కానీ అప్పుడు మబ్బుగా ఉంటుంది. ఇది తేటగా ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఖాళీగా ఉండాల్సిన చోట అక్కడక్కడా గుంపులు, ఒక్కో గుంపులో యాభై అరవై కణాలు, నిగనిగలాడుతూ, కాళ్ళు చాపుకుని.

ఆమెకు సంతోషమేమీ కలగలేదు. ఎందుకంటే సీసాలో తిరిగొచ్చేది తలలో కూడా తిరిగొస్తుంది. పెద్ద డాక్టరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చి చూశాడు.

"బూజు పట్టిందమ్మా ఇది."

"బూజు పడితే మబ్బుగా ఉంటుంది సార్. తేటగా ఉంది, చూడండి. ఇవి కండక్టరుగారి కణాలే."

ఆయన మళ్ళీ చూశాడు. ఇరవై ఏడేళ్ళలో ఆయనా, ఆయన ముందు పనిచేసిన వాళ్ళూ ఆమెను మీరు అనే పిలిచారు. ఆ రోజు ఆయన నోట మీరు పోయి నువ్వు వచ్చింది.

"అయితే మందు కలపడం నువ్వే మరిచిపోయి ఉంటావు. వయసు మీద పడుతోంది కదా."

"మూడు రోజులకోసారి కలిపాను సార్. తేదీలున్నాయి, టైముతో సహా."

"రాసినంత మాత్రాన వేసినట్టా?"

అక్క డాక్టరమ్మ వైపు చూసింది. మందు కలిపేటప్పుడు రెండుసార్లు ఆ పిల్ల పక్కనే నిలబడి ఉంది. ఒక్క మాట అంటే సరిపోయేది. తల వంచుకుని తన గోళ్ళు చూసుకుంది. పెద్ద డాక్టరు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, అక్క రిజిస్టరు తెరిచి, నిలబడే రాశాడు. 'సిబ్బంది మందు కలపడం మరిచినందున ఈ నాలుగు సీసాలను లెక్కలోకి తీసుకోరాదు.' కింద సంతకం గిలికి, నిమ్మకు నీరెత్తినట్టు వెళ్ళిపోయాడు. ఇరవై ఏడేళ్ళ రిజిస్టర్లు అటక మీద పదిహేను ఉన్నాయి. వాటిలో ఎక్కడా ఎర్ర సిరా లేదు. ఎంత తేలిగ్గా రాశాడండీ ఆ మనిషి!

ఇంటికి వెళ్ళాక ఆమె కంచం ముందు కూర్చుని లేచిపోయింది. భర్త కారణం అడిగితే చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది, ఏడుస్తున్నందుకు మళ్ళీ కోపం తెచ్చుకుంది.

"పోనీలేవే, ఇంకో మూడేళ్ళు. కళ్ళు మూసుకుంటే అయిపోతాయి" అన్నాడాయన.

"కళ్ళు మూసుకునే ఉద్యోగం కాదండీ నాది. రేపు ఆ మందు మనుషులకు ఇస్తారు. కణితి మాయమైందని ఇంటికి పంపుతారు. మూడు వారాల తరవాత ఆ తలలో ఏముంటుందో నాకు తెలుసు. నేను చూశానని చెప్పడానికి ఉన్నది ఆ రిజిస్టరొక్కటే. దాన్ని కాస్తా అబద్ధం చేసేశాడు."

ఆయన చేతిలో ఉన్న తాళం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మందు ఆ గ్రాహకాన్ని మూసేసింది సరే. అవెలా బతికాయి మరి?"

"ఇంకో గ్రాహకం ఏదో పట్టుకుని ఉంటాయి."

"ఇదేం వింత? మా దుకాణంలో రోజూ చూసేదే. ముందు తలుపుకి అంత ఖరీదైన తాళం బిగించమంటారు, వెనక తలుపుకి గొళ్ళెం కూడా ఉండదు. ఆ మాత్రం మీ పెద్ద డాక్టరుకు తెలియదా?"

"తెలుసు. అది చూడాలంటే ఆదివారం రావాలి" అంది అక్క, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ.

మర్నాడు చేతులు కడుక్కుంటూ ఆమె తలుపు వెనక అంటించిన కాగితం చదివింది. మూడేళ్ళుగా అక్కడే ఉంది, ఎవరూ చదవరు. ఒకసారి సీసాలు తారుమారైతే పెద్ద డాక్టరే వీరావేశంతో రాసి, సంతకం పెట్టి అంటించిన నియమాలు అవి. రిజిస్టరులో ఎర్ర సిరా వ్యాఖ్య పడిన సిబ్బంది మూడు నెలలపాటు మందు ముట్టకూడదు. కణాలు లెక్కపెట్టే మనిషి, లెక్క పూర్తయ్యేదాకా మందు వేయకూడదు. మందు వేసినవారు సీసా మీద సంతకం చేయాలి, వారే మళ్ళీ సంతకం చేస్తే తప్ప ఆ సీసాను పారేయకూడదు. అక్క రెండుసార్లు చదివింది. సబ్బు నురగ మోచేతి మీదే ఆరిపోయింది.

సోమవారం మూడో విడత మొదలైంది. కండక్టరుగారి కణాలు నాలుగు సీసాల్లో సిద్ధంగా ఉన్నాయి. మందు బల్ల మీద ఉంది. అక్క చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. డాక్టరమ్మ ఎంత బతిమాలినా కదల్లేదు. చివరికి పెద్ద డాక్టరే వచ్చాడు.

"ఏమిటిది?"

"నేను మరిచిపోయే మనిషిని సార్. మీరే రాశారు. ఎర్ర సిరా పడిన వాళ్ళు మూడు నెలలు మందు ముట్టకూడదు. డాక్టరమ్మ లెక్కపెట్టే మనిషి కాబట్టి ఆమె వేయకూడదు. ఇక ఈ గదిలోకి రావడానికి అనుమతి ఉన్నది మీకొక్కరికే. కాగితం తలుపు వెనకే ఉంది, సంతకం మీదే."

ఆయన కాగితం చూశాడు. కొట్టిపారేద్దామంటే కమిటీకి పంపిన కట్టలో ఆ నియమాల నకలు కూడా ఉంది. మా దగ్గర పని ఇంత పద్ధతిగా ఉంటుంది అని గొప్పగా పంపుకున్నాడు మరి. మొహం గంటు పెట్టుకుని చేతులు కడుక్కున్నాడు. గాజు తెర ముందు కూర్చుని తొమ్మిదేళ్ళయిందట. ద్రవం పీల్చే పిపెట్ పట్టుకుని మోచేయి బల్ల మీద మోపాడు.

"మోచేయి బల్లకు ఆనకూడదు సార్" అంది అక్క, గోడ దగ్గర నుంచే. "మూత బోర్లించకండి. ఆ... అంతే."

ఈ గది పద్ధతి అదేనని అక్క అంటే, మూడు వారాలకు సరిపడా మీడియాలో మందు ఆయనే కలిపి, ఆ పెద్ద సీసాకు సీలు వేసి దాని మీద కూడా సంతకం చేశాడు. గురువారం మళ్ళీ వచ్చి మార్చాడు. నాలుగు సీసాల మీదా నల్ల మార్కరుతో ఆయన పొడుగాటి సంతకం. శనివారం డాక్టరమ్మ లెక్కపెట్టింది. మళ్ళీ సున్నా. ఆయన ఆ కాగితం చేతబట్టుకుని, వేరే ఊళ్ళో జరిగే పెద్ద సభలో చెప్పడానికి ఆ సాయంత్రమే బయల్దేరాడు. తిరిగి రావడానికి రెండు వారాలు పడుతుంది. సోమవారం ఫోను చేశాడు.

"ఆ సీసాలు పారేశారా?"

"మీ సంతకం లేదు సార్."

"నేను చెబుతున్నానుగా."

"నోటి మాట చెల్లదని కూడా మీరే రాశారు సార్, ఆఖరి వాక్యం."

ఫోను పెట్టేసిన చప్పుడు పక్కనే ఉన్న డాక్టరమ్మకు కూడా వినిపించింది. ఆ పిల్ల వెళ్ళబోయి తలుపు దగ్గర ఆగింది.

"అక్కా, ఆ రోజు నేను నోరు విప్పి ఉండాల్సింది."

"ఉండాల్సిందే" అంది అక్క. పర్వాలేదు అనలేదు. పర్వాలేదు అని ఎందుకనాలి?

"నా డిగ్రీ ఆయన చేతిలో ఉంది."

"కండక్టరుగారి ప్రాణం కూడా ఇలాగే ఎవరి చేతిలోనో ఉండేదమ్మా. వీటికి మీడియా మార్చాలి. నేను ముట్టకూడదు. మీ లెక్క అయిపోయింది కాబట్టి మీరు ముట్టొచ్చు. మార్చకపోతే ఇవి ఆకలితో చస్తాయి, మందు చంపిందని రాసుకుంటారు. మీ ఇష్టం."

డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. పెద్ద డాక్టరు సీలు వేసిన సీసా విప్పి, అందులోని మీడియానే మార్చి, తేదీ వేసి రిజిస్టరులో తన పేరు రాసింది. మూడు రోజులకోసారి, ఆదివారం వచ్చినా మానకుండా రాసింది. పదహారో రోజు రంగు తిరిగింది. ఆ పిల్ల ఒక సీసాలోని కణాలను తీసి పరీక్ష కూడా చేసింది. మొదటి గ్రాహకం మూసే ఉంది, మందు తన పని తాను చేస్తూనే ఉంది. కణాల ఒంటి మీద ఇదివరకు ఎక్కడో ఒకటీ అరా ఉండే రెండో రకం గ్రాహకం మాత్రం ఇప్పుడు కిటకిటలాడుతోంది. పెరగమనే కబురు దాని గుండా వెళ్తోంది. అక్క ఇంటికి వెళ్ళి చెబితే భర్త తల కూడా ఎత్తలేదు. "వెనక తలుపు" అన్నాడు, తాళంలో నూనె వేస్తూ.

సభ నుంచి పెద్ద డాక్టరు పూలగుత్తితో తిరిగొచ్చాడు. అక్క ఒక సీసాను మైక్రోస్కోపు కింద పెట్టి, కుర్చీ లాగి చూపించింది. ఆయన చూశాడు. సీసా జరిపి ఇంకో చోట చూశాడు. రెండోది చూశాడు, మూడోది చూశాడు. కంటికి దగ్గరగా ఉన్నవి కండక్టరుగారి కణాలు, ఆ సీసా మీద ఉన్నది ఆయన సంతకం.

"మందు... సరిగ్గా పడిందా?"

"మీరే కలిపారు సార్."

అక్క రిజిస్టరు తెచ్చి ఆయన ముందు తెరిచింది. ఎర్ర సిరా ఉన్న పేజీ ఒక పక్క, ఆ రోజు పేజీ ఇంకో పక్క. మధ్యలో ఎర్ర పెన్ను పెట్టింది.

"ఈ సీసాలు కూడా లెక్కలోకి రావంటారా? అయితే 'మందు కలపడం నేనే మరిచాను' అని ఇక్కడ రాసి సంతకం పెట్టండి. మరవలేదంటారా, నా పేజీలో రాసింది కొట్టేయండి. రెంట్లో ఏదైనా నాకు సమ్మతమే."

ఆయన డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె ఈసారి గోళ్ళు చూసుకోలేదు. "సీలు విప్పింది నేనే సార్. అందులో మందు ఉంది, కొలిచి చూశాను" అంది.

ఆయన పెన్ను తీసుకున్నాడు. తను మరిచానని రాసుకోవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఇంకొకరి గురించి రాయడానికి మాత్రం ఎంత ఠక్కున వచ్చిందో మీరు చూశారుగా. పాత వాక్యం మీద గీత కొట్టి, పక్కన 'పొరపాటున రాసినది' అని పెట్టి, సంతకం చేశాడు. పెన్ను మూత పెట్టి లేవబోయాడు.

"తృప్తేనామ్మా మీకు?" అన్నాడు. మీరు అనే మాట తిరిగొచ్చింది.

"నా పేజీ వరకు తృప్తే సార్." అక్క తలుపుకు అడ్డంగా నిలబడే ఉంది. "కమిటీకి పంపిన కాగితంలో 'కణాలన్నీ చనిపోయాయి' అని ఉంది. దాన్ని కూడా కొట్టేసి వెళ్ళండి."

"అది నేను చూసుకుంటాను."

"తలలో కణితి ఉన్నవాళ్ళు మీరు చూసుకునేదాకా ఆగలేరు సార్, కండక్టరుగారు కూడా ఆగలేదు. ఇప్పుడే రాయండి. డాక్టరమ్మ కాగితం తెస్తుంది."

ఆయన కళ్ళెర్ర చేశాడు. ఆమె రెప్ప వేయలేదు. పావుగంట గడిచింది. ఆ గదిలో ఆమె మాటే చెల్లుతుందని మొదటే చెప్పాను. చివరికి ఆయన మైక్రోస్కోపు పక్కనే కూర్చుని, ఆరో రోజు తరవాత చూడలేదనీ, పదహారో రోజుకు కణాలు ఇంకో గ్రాహకం పట్టుకుని తిరిగొచ్చాయనీ, ఈ మందు ఒక్కదాన్నే రోగులకు ఇవ్వడం సరి కాదనీ తన చేత్తో రాశాడు. అక్క పక్కన నిలబడి ప్రతి వాక్యం చదివింది. ఆయన సంతకం పెట్టాకే తలుపు దగ్గర నుంచి తప్పుకుంది.

ఆయన వెళ్ళాక ఆమె చేతులు కడుక్కుంది. ఎర్ర సిరా పోయింది కాబట్టి ఇప్పుడు మందు ముట్టొచ్చు. కండక్టరుగారి సీసాలు మూడున్నాయి, మీడియా మార్చే రోజు అదే. పారేయమని వాటి మీద ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు.